చూడ్డానికి పెంచిన గడ్డి

ఆ చీపురు గోడకు ఆనించి, ఇట్లా వచ్చి నా పక్కన కూర్చో తల్లీ. కొట్టం ఊడ్చే పని ఎక్కడికీ పోదు. నీ చేతిలో ఉన్న ఆ తోలు తిత్తులు మాత్రం కింద పెట్టు. మెల్లగా. బూజు పట్టాయనీ, ఎలుకలు కొరికాయనీ నువ్వు అనుకుంటున్నావు, నిజమే. ముట్టుకుంటే పొట్టు రాలుతుంది. అయినా అవి పారేసే సామాను కాదు. మూడున్నాయి చూడు. అవేమిటో చెప్పుకో? నువ్వేం చెప్తావులే, మొదటిసారి చూసినప్పుడు నేనే విత్తనాలు పోసుకునే సంచులనుకున్నాను.

నాకు చదువు రెండో తరగతితో ఆగిపోయింది కాబట్టి సంవత్సరాలు అంకెల్లో గుర్తుండవు. ఎనభై మూడు మాత్రం గుర్తుంది. ఆ ఎండాకాలం చౌడేపల్లెలో మన బావికి చేంతాడు చాలక ఇంకో తాడు ముడేశాం. గడ్డివామి ఎప్పుడో అయిపోయింది. కొట్టం కప్పు మీది బోదగడ్డి పీకి బుడ్డమ్మకు వేస్తున్నాం. బుడ్డమ్మంటే మా అత్త బయ్యమ్మ చేతి మీద పుట్టి పెరిగిన పుంగనూరు పొట్టి ఆవు. నా నడుముదాకా కూడా రాదు. అప్పుడు చూలుతో ఉంది. తన ఇంటి కప్పు తానే తింటూ, పైన ఆకాశం కనిపిస్తే తలెత్తి చూసేది. ఇంక తినడానికి నాలుగు వాసాలు మిగిలాయి.

అప్పుడొచ్చాడు మా అన్న అంకయ్య, అత్తకు బాగాలేదని తెలిసి చూసిపోవడానికి. అన్న నీలగిరి కొండల్లో, కూనూరు పక్కన ఒక తేయాకు తోటలో, తెల్లదొర కట్టించిన పాత బంగళాలో తోటమాలి. దొర ఎప్పుడో పోయాడు. తేయాకు తోట కంపెనీ వాళ్ల చేతిలోకి పోయింది. దొర కూతురు మాత్రం, ముసలావిడ, తాను ఉన్నన్నాళ్లూ ఆ బంగళా, దాని చుట్టూ పూలతోట తనవేనని అక్కడే ఉండిపోయింది. ఆమెను అందరూ దొరసాని అనేవాళ్లు.

అన్న కొట్టం గడపలో కూర్చుని, బుడ్డమ్మ బోదగడ్డి నమలడం చూస్తూ అన్నాడు: "నాకైతే దినామూ పొద్దన్నే గడ్డి కోసేదే పని. కోసి లోయలో పారబోసేది."

"యాల పారబోస్తారు?" అన్నాను.

"కోసినాక ఇంగేం జేస్తారు మే?"

"ఆడ ఆవుల్లేవా?"

"ఉండాయి లే, కొండ కింద. ఈ గడ్డి మాత్రం దేనికీ బెట్టగూడదు. బంగళా ముందర దుప్పటి పరిసినట్ల ఉంటాది. లాను అంటారు. మనిసి గూడా దాని మింద కాలు బెట్టగూడదు. నేను కోసేటప్పుడు తప్ప."

"మరి యాల పెంచేది?"

"సూడ్డానికి."

"గడ్డినా?"

"గడ్డినే."

మంచంలో పడుకున్న మా అత్త తల ఎత్తి, "అంకయ్యా, జొరం నాకొచ్చిందా, నీకొచ్చిందా?" అనింది.

అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఎక్కడో ఒకచోట గడ్డికి నీళ్లు పోసి, పెంచి, కోసి, తినేవాళ్లు లేక పారేస్తున్నారు. మనం కప్పు పీకి పెడుతున్నాం. ఆ రెండు మాటలూ నా తలలో ఒకదాని పక్కన ఒకటి నిలబడి కదల్లేదు.

ఆ వారంలోనే మీ తాత బుడ్డమ్మ మెడలో పలుపు వేసి వీధిలోకి తీశాడు. బైరెడ్డిపల్లె వైపు సంతకు పోయే లారీ ఊరి బయట నిలబడి ఉంది. దాంట్లో ఎక్కిన ఆవు ఎక్కడ దిగుతుందో అందరికీ తెలుసు, ఎవరూ పైకి అనరు. నేను పోయి పలుపు రెండో కొస పట్టుకున్నాను.

"ఇడువు మే," అన్నాడు. "పెట్టేదానికి ఇంగ కప్పు గూడా లేదు. కండ్ల ముందర సచ్చిపోతే సూస్తావా?"

"అన్న కాడికి తోలుకపోతా."

"యాడికి?"

"కొండకి. ఆడ గడ్డి పారబోస్తాండారంట."

మీ తాత నా మొహం చూశాడు. అత్త జ్వరం నాకు కూడా అంటుకుందేమోనని చూసినట్టే చూశాడు. వీధిలో మీ తాత పేరెత్తి, "రెడ్డెప్ప పెళ్లాం ఆవును కొండకు వేసవి విడిదికి తీసుకుపోతుందంట," అని అప్పుడే నవ్వులు మొదలయ్యాయి. అంతమంది ముందు పలుపు లాక్కోవడం ఇష్టం లేక కాబోలు, చివరికి ఒక మాట అన్నాడు. "సరే, పో. ఆడ ఒద్దని తరిమితే వెనక్కొస్తాది గదా, అప్పుడు సంతలోనే దిగుతాది. మళ్లా నువ్వు నోరెత్తగూడదు."

"ఎత్తను," అన్నాను.

పుంగనూరు నుంచి నూర్ అహ్మద్ అన్న లారీ చింతపండు వేసుకుని ఆ కొండలకు పోతూ ఉండేది. అడిగితే, తన లారీ చుట్టూ ఒకసారి తిరిగి, బుడ్డమ్మ చుట్టూ ఒకసారి తిరిగాడు. "ఇది ఆవా, మేకా? ఎక్కించక్కా. చింతపండు తింటే మాత్రం నా పూచీ లేదు. పాలన్నీ రసమైపోతాయి."

వస్తున్నామని, అప్పటికే కొండకు తిరిగిపోయిన అన్నకు జాబు రాయించాను. మీ తాత కూడా తోడొచ్చాడు, దించి అదే లారీలో తిరిగి రావడానికి. పలమనేరు దాటి, కుప్పంలో మా పుట్టింటి ముందు లారీ ఆపితే, మా అమ్మ ఒక మోపు రాగిగడ్డి తెచ్చి బుడ్డమ్మ ముందు పెట్టింది. నాకు అన్నం పెట్టడం మర్చిపోయింది. అట్లాంటి కరువు తల్లీ, ముందు పశువు ముఖం చూసేవాళ్లం.

కొండ ఎక్కుతుంటే చలి. నా దుప్పటి తీసి బుడ్డమ్మకు కప్పాను. లారీ దిగినచోట నిలబడి చూస్తే ఎటు చూసినా ఏటవాలే. కొండలన్నిటికీ ఎవరో నున్నగా క్రాపు కొట్టినట్టు తేయాకు చెట్లు, వాటి మధ్యలో బుట్టలు మోసే ఆడవాళ్లు. మెట్లు మెట్లుగా పైకి పోతే బంగళా. దాని చుట్టూ మొక్కలు చూసి నేను నోరు తెరిచాను. కాలీఫ్లవరంత నీలం పూలు, గంటల్లాగా తలకిందులుగా వేలాడే ఎర్రపూలు. వంగి వాసన చూస్తే సగం పూలకు వాసనే లేదు. ఎవరూ తల్లో పెట్టుకోరు, దేవుడికి పెట్టరు. అవీ చూడ్డానికే.

ఇంక బంగళా ముందు ఆ లాను. అన్న చెప్పింది అబద్ధం కాదు. కొండను తొలిచి అంతమేరా చదును చేసి, దాని మీద పచ్చటి గడ్డి పరిచారు. అంచున కూర్చుని అరచేత్తో నిమిరాను. అప్పుడే దువ్విన పసిబిడ్డ తలలాగా ఉంది. మీ తాత కూడా చూశాడు. లారీ వైపు తిరిగి పోయేటప్పుడు, "పిచ్చోళ్లు," అన్నాడు మెల్లగా.

దొరసానికి ఆవు సంగతి అన్న చెప్పనే లేదని నాకు అప్పుడు తెలిసింది!

"నాలుగు దినాలు పోనీ గోయిందమ్మా, మంచి మాట సూసుకోని నేనే జెప్తా," అన్నాడు. "అందాకా ఎనకాల గుర్రాల కొట్టంలో కట్టేస్తాం. ఆడికెవురూ రారు."

దొరలకు గుర్రాలున్న కాలంలో కట్టిన రాతి కొట్టం అది. గోడకు మేకు కొట్టి నాలుగు తోలు తిత్తులు వేలాడదీసి ఉన్నాయి. గుండ్రంగా, అడుగున మందపు తోలు, పైన బిగించే వార్లు. "ఇవేందన్నా?" అంటే, "నేనొచ్చినప్పట్నుంచీ ఆన్నే ఉండాయి, ఎవురూ జెప్పలే," అన్నాడు. విత్తనాలకైతే అంత మందం ఎందుకు? నీళ్లకైతే మూతి అంత వెడల్పెందుకు? బుడ్డమ్మకు గడ్డి వేసినప్పుడల్లా వాటిని తిప్పి తిప్పి చూసేదాన్ని.

తోటమాలి చెల్లెలు కలుపు తీయడానికొచ్చిందని దొరసానికి చెప్పాడు అన్న. ఆమె నన్ను ఒకసారి ఎగాదిగా చూసి తలూపింది. తెల్లటి జుట్టు, చేతికర్ర, మోకాళ్లదాకా రబ్బరు బూట్లు. ఆకు కోసేవాళ్లతో మాట్లాడి మాట్లాడి అరవం గలగలా మాట్లాడేది. మాది కుప్పం కదా, నాకూ అరవం వచ్చు. మాట్లాడాలని ఎంత నాలుక దురద పెట్టినా, ఆవు బయటపడుతుందేమోనని నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను మాట్లాడకుండా ఉన్నది ఆ కొద్దిరోజులే.

ఇంక మేము చేసిన పని చెప్తాను విను. అన్న కోసిన గడ్డి బుట్టలతో తెస్తుంటే, బుడ్డమ్మ తినగా ఇంకా మిగిలేది. మనం కరువు నేల వాళ్లం. మిగిలిన గడ్డిని ఏం చేస్తాం? వామి వేస్తాం. అన్నా నేనూ కలిసి కొట్టంలో ఒక మూల, ఇంటి దగ్గర వేసినట్టే, తొక్కి తొక్కి చక్కటి వామి వేశాం. దాన్ని చూస్తే నాకు కడుపు నిండేది. రేపు ఆమె గడ్డి కోయొద్దన్నా, వానపడి కోయలేకపోయినా, బుడ్డమ్మకు దిగులు లేదు. ఒకరోజు వామిలో చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది. "మంచిదే గదా, సలికి ఆవుకు వెచ్చటి మేత," అన్నాడు అన్న. నాకూ బాగానే తోచింది. మన ఎండుగడ్డి వామి ఎన్నడూ ఉడకదు కదా, మాకేం తెలుసు?

ఒక పొద్దున వానొచ్చి గడ్డి కోయలేదు. బుడ్డమ్మకు వామి లోపలినుంచి తీసి వేశాం. కొంచెం పుల్లటి వాసన వచ్చింది. ఆశగా తినింది. తిన్న కాసేపటికి ఎడమ డొక్క ఉబ్బడం మొదలైంది. వేలితో కొడితే డప్పులాగా మోగింది. కాళ్లు చాపి, నాలుక బయట పెట్టి, మూలగడం మొదలుపెట్టింది. కడుపులో దూడ!

అన్న నూనెలో వాము కలిపి వెదురు గొట్టంతో పోశాడు. నేను దాని నోట్లో అడ్డంగా పుల్ల కట్టాను, నములుతూ ఉంటే గాలి బయటికి పోతుందని. ఉబ్బు దిగలేదు. ఇంక నడిపించాలి. ఉబ్బిన పశువును పడుకోనిస్తే లేవదు. ఎక్కడ నడిపించాలి? బయట అన్నీ మెట్లు, మెట్ల మీద పాచి, వానకు జారుడు. చూలు ఆవు జారిందంటే రెండు ప్రాణాలు. ఆ కొండ మొత్తానికి చదునైన నేల ఒకటే.

"ఆడొద్దు మే," అన్నాడు అన్న. నేను ఎటు చూస్తున్నానో కనిపెట్టాడు. "నీకు దండం బెడతా. నా పని పోతాది."

"పనిపోతే మన ఊరికొస్తావు. ఇది పోతే యాడికొస్తాది?"

పలుపు పట్టుకుని మంచులో బంగళా ముందుకు నడిపించాను. లాను మీద మొదటి అడుగు వేసినప్పుడు కాలి కింద మెత్తగా, చల్లగా, దిగబడినట్టే ఉండి దిగబడలేదు. వెనక్కి చూస్తే బుడ్డమ్మ గిట్టలు అచ్చులు వేసినట్టు తడి గడ్డిలో దిగాయి. ఆ గుర్తులు చూసి అన్న నెత్తిన చేతులు పెట్టుకున్నాడు.

వరండా తలుపు తెరుచుకుంది. దొరసాని చేతిలో టీ కప్పుతో బయటికొచ్చింది. మమ్మల్ని చూసింది. నేను ఆగలేదు. ఆగితే బుడ్డమ్మ పడుకుంటుంది. ఒక చుట్టు తిరిగి చూసేసరికి వరండాలో కప్పు ఉంది, ఆమె లేదు. మమ్మల్ని బయటికి నెట్టడానికి కంపెనీ మనుషుల్ని పిలవబోయిందనుకున్నాను. నూరన్న లారీ మళ్లీ ఎప్పుడొస్తుందో, సంత ఏ రోజో, అవన్నీ కళ్లముందు తిరిగాయి.

ఆమె గుర్రాల కొట్టం వైపు నుంచి వచ్చింది. ఒక చేతిలో కర్ర. ఇంకో చేతిలో ఆ నాలుగు తోలు తిత్తులు.

అన్న చేతులు జోడించి, "అమ్మా, తప్పయిపోయింది," అంటున్నాడు. ఆమె వినిపించుకోలేదు. బుడ్డమ్మ ముందుకొచ్చి, కర్ర పక్కన పడేసి, ముసలి మోకాళ్ల మీద ఆ తడిలోనే కూర్చుంది. చేతులకు అలవాటైన పనిలాగా ముందరి కాలు ఎత్తి పట్టుకుని, గిట్టను తోలు తిత్తిలో దూర్చింది. గిట్ట దాంట్లో చెంబులో నిమ్మకాయలాగా కదిలింది. "అయ్యో, ఎంత చిన్న కాలు!" అంది అరవంలో. మెడకు చుట్టుకున్న ఉన్ని గుడ్డ తీసి రెండుగా చించి, తిత్తి లోపల కుక్కి, వారు బిగించింది. మిగతావాటికి నేను నా కొంగు చించిచ్చాను. నాలుగూ కట్టాక, నా భుజం పట్టుకుని లేచి, కర్ర అందుకుని, "నడిపించు," అంది.

అంతే.

నేను ఒక పక్క, ఆమె ఒక పక్క, మధ్యలో బుడ్డమ్మ. దొరసాని కర్ర దిగినచోటల్లా లానులో బొక్కలు పడుతున్నాయి. ఆమె చూసుకోనే లేదు. ఎన్ని చుట్లు తిరిగామో, మంచు విడిపోయి ఎండ పడేవేళకు బుడ్డమ్మ ఆగి, మెడ చాచి, పెద్ద త్రేన్పు త్రేన్చింది. ఆ వాసనకు దొరసాని ముక్కు మూసుకుని ఒక్కడుగు వెనక్కి వేసి, పకపకా నవ్వింది. అన్న నవ్వుతూ ఏడుస్తూ బుడ్డమ్మ తోక పట్టుకుని కూర్చుండిపోయాడు.

తర్వాత కొట్టంలో వామి చూసి, చెయ్యి పెట్టి చూసింది. "పచ్చిగడ్డిని ఎవరైనా ఇట్లా తొక్కి పేరుస్తారా? లోపల ఉడికి పులిసిపోదూ?"

"మా ఊళ్లో గడ్డి పారేస్తే పాపమమ్మా," అన్నాను. నోరు తెరుచుకుంది కదా, ఇంక మూతపడలేదు. కరువు, కప్పు, సంత లారీ, మీ తాత పెట్టిన షరతు, అన్నీ చెప్పేశాను. చివర్లో ఇన్నాళ్లుగా నాలుక మీదున్నది కూడా అడిగేశాను. "ఇంత గడ్డి చూడ్డానికి ఎందుకమ్మా పెంచుతారు?"

ఆమె కర్రతో లాను వైపు చూపించింది. "మా నాన్న ఊళ్లో గడ్డి ఇట్లా ఉంటుందని చెప్పేవాడు. నేను ఇక్కడే పుట్టాను. ఆ ఊరు చూడలేదు. మీ ఊళ్లో గడ్డి ఎట్లా ఉంటుంది?"

"ఉండదమ్మా," అన్నాను.

ఆ మాటకు ఆమె నవ్వలేదు.

ఆ తిత్తుల సంగతి కూడా అప్పుడే తెలిసింది. వాళ్ల నాన్న కాలంలో గడ్డి కోసే బండిని ఎద్దు లాగేదట. గిట్టలు దిగి లాను పాడవకుండా దానికి తోలు బూట్లు కుట్టించాడట. ఎద్దుకు బూట్లు! నేను ఎన్ని రకాలుగా తిప్పి చూసినా అది మాత్రం తోచలేదు.

ఆ మరునాటి నుంచి బుడ్డమ్మ రోజూ పొద్దున ఎండొచ్చాక బూట్లు తొడుక్కుని లాను మీద మేసింది. మొదట కొంచెంసేపే, పచ్చి మేత అలవాటయ్యేదాకా. దొరసాని వరండాలోంచి కుర్చీ దించి లాను మీదే వేయించుకునేది. ఆకు కోసే ఆడవాళ్లు కంచె పక్కన నిలబడి కడుపులు పట్టుకుని నవ్వేవాళ్లు. "ఏమక్కా, మీ ఊళ్లో ఆవులన్నీ బూట్లేసుకుంటాయా?"

"పండగలకు మాత్రమే," అనేదాన్ని.

బుడ్డమ్మ అక్కడే ఈనింది. కుందేలంత పెయ్యదూడ. జున్ను వండి గిన్నెలో ఇస్తే దొరసాని వేలితో గుచ్చి చూసి, ఇదేమిటంటే, దూడ వాటాలోంచి మనకిచ్చిందని చెప్పాను. గిన్నె కడగాల్సిన పని లేకుండా తినింది.

ఒకరోజు మధ్యాహ్నం కింద లారీ హారన్ మోగింది. నూరన్న మెట్ల కిందినుంచే అరిచాడు. "అక్కా, వాన! పుంగనూరు వీధుల్లో కప్పలు అరస్తాండాయి!" వెనకాల మీ తాత. ఎండకు ఇంకా నల్లబడ్డాడు, బుగ్గలు లోపలికి పోయాయి. మెట్లెక్కి వచ్చి లాను అంచున ఆగిపోయాడు. బుడ్డమ్మ నున్నగా, వీపు మెరుస్తూ, నాలుగు బూట్లతో, దూడకు పాలిస్తోంది. ఆయన తన కాళ్ల వైపు చూసుకున్నాడు.

"నాకే సెప్పుల్లేవు," అన్నాడు. "దీనికి బూట్లా!"

నవ్వుతాడనుకున్నాను. దగ్గరికి పోయి దాని వీపు మీద చెయ్యేశాడు. "మన వీధిలో కొట్టాలన్నీ ఖాళీ మే," అన్నాడు. "ఒగటి గూడా మిగల్లే."

బయలుదేరేటప్పుడు నేను బూట్లు విప్పి, తుడిచి దొరసానికిచ్చాను. ఆమె దూడను ఉంచేసి పొమ్మంటుందేమోనని నాకు గుండెలో బెదురుగానే ఉండింది. అడగలేదు. దూడ చెవులు నిమిరి, నాలుగు బూట్లలో ఒకటి తీసుకుని, మూడు నా చేతిలో పెట్టింది. "మళ్లీ కరువొస్తే తోలుకుని రా. అప్పుడు నాలుగూ కలుపుదాం," అంది.

లారీ దగ్గర మీ తాత పలుపు పట్టుకుని బుడ్డమ్మను ఎక్కించబోయి, ఆగి, ఆ పలుపు నా చేతికిచ్చాడు. "నువ్వే పట్టుకో," అన్నాడు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్లూ ఈ కొట్టంలోంచి ఒక్క పశువు నన్నడక్కుండా బయటికి పోలేదు.

కరువు మళ్లీ వచ్చింది, రాకుండా ఎక్కడికి పోతుంది? అప్పటికి దొరసాని లేదు. బంగళా కంపెనీ వాళ్లు తీసుకున్నారు. ఆ లాను దున్ని తేయాకు నాటారు. అన్న అక్కడి పని వదిలి కుప్పం వచ్చేసినప్పుడు చెప్పాడు. ఆమె మంచం పక్కన గోడకు మేకు కొట్టి ఆ నాలుగో బూటు వేలాడదీసి ఉండిందట. గది ఖాళీ చేయడానికొచ్చిన వాళ్లు దాన్ని ఇటు తిప్పి అటు తిప్పి చూసి, ఏమిటో తెలియక, చెత్తలో వేశారట. అన్న వెతికే లోపలే తగలబెట్టేశారు.

అందుకే నిన్ను పిలిచింది తల్లీ. అదిగో, ఆ మూల నెమరేస్తోందే, దాని అమ్మమ్మకు అమ్మమ్మ ఆ లాను మీద పుట్టింది. ఈ మూడూ మళ్లీ ఆ మేకుకే తగిలించు. నేను లేనప్పుడు నీ పిల్లలు వచ్చి, ఆవుకు కాళ్లు నాలుగు కదా, బూట్లు మూడే యాల ఉండాయని అడుగుతారు. తెలీదని మాత్రం అనొద్దు. కూర్చోబెట్టుకుని చెప్పు.